చిన్న చెక్కపనికి ఏ క్లాంపులు కొనాలి? ట్రిగ్గర్ క్లాంపులు ఆరు తీసుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పని మొదలుపెట్టారు. ముందు ఫొటో ఫ్రేములు, మూతపెట్టెలు, ఆ తర్వాత ఒక స్టూలు చేయాలని ఉంది. పెద్ద క్లాంపులు పెట్టుకునే చోటు లేదు. ఆన్‌లైన్‌లో ట్రిగ్గర్ నొక్కితే బిగిసే 6 అంగుళాల క్లాంపులు ఆరు కలిపిన సెట్ చూశారు. అవి సరిపోతాయా, లేక ఇనుప జీ క్లాంపులే (జీ అక్షరం ఆకారంలో ఉండి, స్క్రూతో బిగిసేవి) కొనాలా అని అడిగారు.

ఆ సెట్ వద్దు. ట్రిగ్గర్ క్లాంపులు రెండు చాలు. మిగిలిన డబ్బుతో 50×150 ఎఫ్ క్లాంపులు (కడ్డీ మీద ఒక చెయ్యి జరిగి, స్క్రూతో బిగిసేవి; అంకెలు లోతు, తెరుపు) నాలుగు, 50×300 ఎఫ్ క్లాంపులు నాలుగు, 4 అంగుళాల జీ క్లాంపులు రెండు తీసుకోండి. ఒకేసారి కుదరకపోతే 50×300 ముందు రెండే కొని, స్టూలు మొదలుపెట్టేనాటికి ఇంకో రెండు కలుపుకోండి. ఇవన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ క్రేటులో పడతాయి, కాబట్టి చోటు సమస్య ఉండదు.

ఎందుకో చెబుతాను. నేను పని నేర్చుకున్న మేస్త్రి దగ్గర క్లాంపులు మొత్తం కలిపి ఐదో ఆరో ఉండేవి. తలుపు చట్రం బిగించాలంటే నులకతాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పేవాడు. "ఒరే, క్లాంపు అతుకుని కలపదురా. చిత్రిక పట్టి నువ్వు కలిపినదాన్ని జిగురు ఆరేదాకా కదలకుండా ఉంచుతుందంతే" అనేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా సొంతంగా పని చేస్తున్నాక ఆ మాటకి నేను ఒక్కటే చేర్చగలను: కొన్నిసార్లు మనకి కావలసింది వట్టి పట్టు, కొన్నిసార్లు కావలసింది బిగింపు. చిన్న క్లాంపులు కొనేవాళ్ళలో ఎక్కువమంది పొరపాటు పడేది ఈ రెండింటి మధ్యే.

పట్టు అంటే: రంపంతో కోస్తున్నప్పుడు చెక్క బల్ల మీద కదలకుండా ఉండటం, స్క్రూ ఎక్కించేదాకా సొరుగు ముందుపలక జారకుండా ఉండటం, డ్రిల్లు వేసేటప్పుడు రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి నిలవటం. దీనికి పెద్ద బలం అక్కర్లేదు, వేగం కావాలి. ఒక చేత్తో చెక్క పట్టుకుని రెండో చేత్తో క్లాంపు వేయగలగాలి. ట్రిగ్గర్ క్లాంపు ఇక్కడ నిజంగా గొప్ప వస్తువు. అందుకే రెండు కొనమన్నాను.

బిగింపు అంటే జిగురు పెట్టిన అతుకుని అదిమి ఉంచటం. ఇక్కడ లెక్క మారుతుంది. టైట్‌బాండ్ అనే చెక్క జిగురు తయారీదారు ఇచ్చే వివరాల్లో మెత్తటి కర్రకి చదరపు అంగుళానికి 100 నుంచి 150 పౌండ్లు, మధ్యరకానికి 125 నుంచి 175, గట్టి కర్రకి 175 నుంచి 250 పౌండ్ల ఒత్తిడి పెట్టమని ఉంటుంది. మన లెక్కలో టేకులాంటి కర్రకి చదరపు సెంటీమీటరుకి దాదాపు 10 కిలోలు అనుకోండి.

మీ స్టూలు పీటనే తీసుకుందాం. 12 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలకలు రెండు పక్కపక్కన అతుకుతున్నారు. పొడవు 40 సెం.మీ., మందం 18 మి.మీ. జిగురు పట్టే జాగా 72 చదరపు సెంటీమీటర్లు. అంటే 720 కిలోల బలం కావాలి. చిన్నరకం ట్రిగ్గర్ క్లాంపుకి ఇర్విన్ కంపెనీ చెప్పే బలం 140 పౌండ్లు, అంటే సుమారు 63 కిలోలు. ఆరూ కలిపినా సుమారు 380 కిలోలే. పైగా 6 అంగుళాలది అంత వెడల్పుకి తెరుచుకోదు కూడా. అదే ఎఫ్ క్లాంపు చేతిపిడి తిప్పి గట్టిగా బిగిస్తే, ఓ మోస్తరు నాణ్యత ఉన్నదైనా 150 నుంచి 250 కిలోలు ఇస్తుంది. నాలుగు వేస్తే పని అయిపోతుంది. నాలుగు 50×300 కొనమన్నది ఈ లెక్కతోనే.

ఒక మాట. అంచులు చిత్రికతో బాగా కలిపి, రెండు పలకలూ దగ్గరపెట్టి వెలుతురుకి ఎత్తి చూసినా సందు కనపడకుండా ఉంటే, పై లెక్కలో సగం బలంతోనే నాకు అతుకులు చక్కగా నిలిచాయి. సందు ఉన్న అతుకుని క్లాంపుతో లాగి కలిపితే ఆ రోజుకి కలుస్తుంది. ఎండాకాలం వచ్చి కర్ర ఎండి ముడుచుకున్నప్పుడు అక్కడే విడుతుంది. కాబట్టి బలం లెక్క చూసి భయపడకండి, చిత్రికకి కేటాయించే సమయాన్ని తగ్గించకండి.

ఇక రకాల సంగతి.

ఎఫ్ క్లాంపు మీద ఉండే అంకెల్లో మొదటిది లోతు, రెండోది తెరుపు, రెండూ మిల్లీమీటర్లలో. 50×150 అంటే చెక్క అంచు నుంచి 5 సెంటీమీటర్ల లోపలిదాకా అందుతుంది, 15 సెంటీమీటర్ల మందం దాకా పడుతుంది. చాలామంది రెండో అంకె ఒక్కటే చూసి కొంటారు. మీరు రెండూ చూడండి. లోతు ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది కానీ, చెయ్యి పొడుగైనకొద్దీ బిగించినప్పుడు వంగుతుంది, బరువూ పెరుగుతుంది. 120 మి.మీ. లోతున్న క్లాంపు నాలుగింటిని చిన్న పెట్టెకి తగిలిస్తే పెట్టె ఓ పక్కకి ఒరిగిపోతుంది. చిన్నపనికి 50 సరైన లోతు.

దీని కదిలే చెయ్యి నిలిచేది రాపిడి వల్లే. స్క్రూ బిగించగానే ఆ చెయ్యి కాస్త ఒరిగి, కడ్డీ అంచుల మీదున్న సన్నటి గాట్లని కరుచుకుంటుంది. అందుకే కడ్డీకి నూనె రాయకూడదు. రాస్తే చెయ్యి జారుతుంది. స్క్రూ మరలకి మాత్రం ఒక చుక్క నూనె గానీ కొవ్వొత్తి మైనం గానీ పెట్టండి. జర్మనీలోని బెస్సీ కంపెనీ 1889లో స్టట్‌గార్ట్‌లో మొదలై, 1936లో ఈ స్క్రూ క్లాంపుల తయారీలోకి వచ్చింది. ఇవాళ మన బజార్లో దొరికే ఎఫ్ క్లాంపులు పని చేసే పద్ధతీ అదే.

జీ క్లాంపుని కొందరు సీ క్లాంప్ అంటారు, హిందీ మాట్లాడే మేస్త్రీలు శికంజా అంటారు. చిన్నగా ఉండి పెద్ద బలం ఇచ్చేది ఇదే. బిగించటానికి మాత్రం నెమ్మది, ఒక్కో అంగుళానికీ బోలెడు తిప్పులు తిప్పాలి. కదలని పనికి, అంటే బల్లకి ఏదైనా ఒకసారి బిగించి సాయంత్రందాకా వదిలేసే పనికి, దీన్ని మించింది లేదు. 3 అంగుళాలది కొనవద్దు. మీ బల్ల పలక అంగుళంన్నర, పైన చెక్క ముప్పావు అంగుళం, కింద పైన అడ్డుముక్కలు (క్లాంపుకీ చెక్కకీ మధ్య పెట్టే చెక్కముక్కలు) రెండు వేస్తే మూడు అంగుళాలు అక్కడే నిండిపోతాయి. 4 అంగుళాలదైతే హాయిగా పడుతుంది. 6 అంగుళాలది బాల్కనీ పనికి వట్టి బరువు.

స్ప్రింగ్ క్లిప్పులు సన్నటి పట్టీలు అంటించేటప్పుడు, అడ్డుముక్కలు జారకుండా నిలబెట్టేటప్పుడు ఉపయోగపడతాయి. ఆరు ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. లావు ప్లాస్టిక్‌వి కొన్నేళ్ళకి ఎండకి పెళుసై విరుగుతాయి. బాల్కనీలో ఉంచుతారు కాబట్టి ఇనుపవే చూడండి.

ట్రిగ్గర్ క్లాంపులు రెండూ కాస్త మంచివి తీసుకోండి. చిన్నరకం బదులు మధ్యరకం, 300 పౌండ్లవి, 12 అంగుళాలవి అయితే ఎక్కువ పనులకి వస్తాయి. కొన్నిట్లో దవడని ఊడదీసి తిప్పి పెడితే లోపలికి నొక్కే బదులు బయటికి తోస్తుంది. జిగురు తప్పుగా ఆరిన అతుకుని విడదీయడానికి నేను దాన్ని చాలాసార్లు వాడాను. కొనేటప్పుడు ఆ సౌకర్యం ఉందేమో చూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి: జిగురు పెట్టి రాత్రంతా వదిలే అతుకుని వీటి మీదే నమ్మి వదలొద్దు. నా దగ్గరే ఒకసారి పుస్తకాల అలమర ముందుచట్రానికి ట్రిగ్గర్ క్లాంపులు నాలుగు వేసి ఇంటికి వెళ్ళాను. పొద్దున చూస్తే రెండింటి పట్టు సడలి, చట్రం ఓ మిల్లీమీటరు కిందికి జారి అలాగే గట్టిపడిపోయింది. మొత్తం ఊడదీసి మళ్ళీ చేశాను. అప్పటినుంచి వాటితో ముందు నిలబెట్టి, ఆ వెంటనే ఎఫ్ క్లాంపులు వేసి, ట్రిగ్గర్‌వి తీసేస్తాను.

కొట్లో ఏం చూడాలి? కుదిరితే ఆన్‌లైన్‌లో కాకుండా చేత్తో పట్టుకుని చూసి కొనండి. హైదరాబాద్‌లో ఉంటే రాణిగంజ్ పనిముట్ల దుకాణాలకి వెళ్ళండి. అక్కడ జలంధర్ వైపు నుంచి వచ్చిన మామూలు రకం మొదలు విదేశీ కంపెనీలవి దాకా అన్నీ ఒకే వీధిలో చూడొచ్చు. క్లాంపు చేతికి తీసుకోగానే దవడలు రెండూ పూర్తిగా మూసి, వెలుతురుకి పెట్టి చూడండి. ఒకదానికొకటి ఎదురెదురుగా, సమంగా ఆనాలి. ఒక పక్కన వెలుతురు కనపడితే బిగించినప్పుడు చెక్క పక్కకి నెట్టుకుపోతుంది. తర్వాత స్క్రూని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు, అలాగని లొడలొడలాడకూడదు. మరలు లావుగా, పైభాగం బల్లపరుపుగా ఉండాలి. సన్నటి, మొనదేలిన మరలైతే త్వరగా అరుగుతాయి. స్క్రూ చివరున్న బిళ్ళ అన్ని వైపులకీ ఒరగాలి, చేత్తో లాగితే ఊడి రాకూడదు.

జీ క్లాంపుకి లోహం ముఖ్యం. మామూలు పోత ఇనుము అయితే హద్దు దాటితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. కొత్తలో చవగ్గా వచ్చిందని ఇలాంటివి ఆరు కొన్నాను. ఒకటి గుమ్మం బిగిస్తుండగా మెడ దగ్గర రెండు ముక్కలై, పై ముక్క నా చెంప పక్కనుంచి వెళ్ళింది. మిగతా ఐదూ పాత ఇనుముకి వేశాను. కాల్చి సాగగొట్టి చేసిన ఉక్కువి, అంటే ఫోర్జ్‌డ్‌వి, లేదా మెత్తబరిచిన పోత ఇనుమువి అడిగి తీసుకోండి. దుకాణదారు తేడా చెప్పలేకపోతే ఇంకో దుకాణం చూడండి.

ఎఫ్ క్లాంపుకి చెక్కపిడి ఉన్నది, అడ్డకడ్డీ ఉన్నది అని రెండు రకాలు ఉంటాయి. చిన్న పెట్టెల పనికి చెక్కపిడిది తీసుకోండి. అడ్డకడ్డీ తిరిగేటప్పుడు పక్క క్లాంపుకో పెట్టె గోడకో తగులుతుంది. బలం ఎక్కువ పెట్టడానికి అడ్డకడ్డీకి పైపు తొడగటం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇప్పుడు మీరు చెప్పిన పనులు ఒక్కొక్కటిగా.

ఫొటో ఫ్రేములకి నేను పైన చెప్పిన క్లాంపులేవీ నేరుగా పనికిరావు. 45 డిగ్రీల మూల అతుకుని ఎఫ్ క్లాంపుతో నొక్కితే ఒక ముక్క రెండోదానిమీద జారిపోతుంది. పాత సైకిల్ ట్యూబుని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, ఫ్రేము చుట్టూ సాగదీసి నాలుగైదు చుట్లు చుట్టండి. నాలుగు మూలలకీ ఒకేలా ఒత్తిడి పడుతుంది. జిగురు రబ్బరుకి అంటదు. ఖర్చు దాదాపు సున్నా. చుట్టేశాక మూల నుంచి ఎదురుమూలకి కొలత తీసుకోండి. రెండు కొలతలూ ఒకటే అయితే ఫ్రేము సమంగా ఉన్నట్టు. మూలమట్టం పెట్టి చూడటం కన్నా ఇది నమ్మకం. ఇంకా గట్టి బిగింపు కావాలంటే మూడుమూలల చెక్కముక్కల్ని మధ్యలో వార్తాపత్రిక కాగితం పెట్టి ఫ్రేము బయటివైపు అంటించి, ఆ ముక్కల మీద 50×150 వేయండి. అయిపోయాక ఉలితో మెల్లిగా తడితే కాగితం పొర దగ్గర ఊడి వస్తాయి.

చిన్న పెట్టెలకి నాలుగు పలకల్ని బయటివైపు పైకి వచ్చేలా వరసగా పేర్చి, మూలల మీద ప్యాకింగ్ టేపు అంటించి, తిరగేసి, జిగురు పూసి మడవండి. టేపే సగం క్లాంపు పని చేస్తుంది. ఆపైన రెండు 50×150 చాలు, మెల్లిగా.

స్టూలు పీటకి 50×300 నాలుగు వేయమన్నాను కదా, రెండు కిందనుంచి, రెండు పైనుంచి, ఒకటి విడిచి ఒకటి వేయండి. అన్నీ ఒకే వైపు వేస్తే పీట విల్లులా వంగుతుంది. 300 అని రాసినా అడ్డుముక్కలు పోను 26, 27 సెంటీమీటర్ల వెడల్పు దాకానే నమ్మండి. 12 అంగుళాల పీట చేయాలనుకుంటే ఇప్పుడే పెద్దది కొనుక్కోవాలి.

అడ్డుముక్కలు అని మళ్ళీమళ్ళీ అంటున్నాను, కారణం ఉంది. క్లాంపు బిళ్ళ నుంచి ఒత్తిడి చెక్కలోకి ఇటూ అటూ సుమారు 45 డిగ్రీల కోణంలో పరుచుకుంటూ వెళ్తుంది. 12 సెంటీమీటర్ల వెడల్పు పలకైతే అతుకు దగ్గరికి వచ్చేసరికి 24 సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. అదే 4 సెంటీమీటర్ల సన్న పట్టీ అయితే 8 సెంటీమీటర్లే. అంటే సన్నటి పట్టీకి 8 సెంటీమీటర్లకో క్లాంపు కావాలి. అన్ని క్లాంపులు లేకపోతే, బిళ్ళకీ పట్టీకీ మధ్య 4 సెంటీమీటర్ల మందం గట్టి చెక్క పెట్టండి. క్లాంపుల మధ్య దూరం రెట్టింపు చేసుకోవచ్చు. నాలుగు మంచి అడ్డుచెక్కలు నాలుగు కొత్త క్లాంపులతో సమానం. వాటికి ప్యాకింగ్ టేపు అంటించి పెట్టుకుంటే జిగురు అంటుకోదు.

ఇవి పెట్టకపోతే గాయాలు కూడా పడతాయి. కొండపల్లి బొమ్మలకి వాడే పొనికిలాంటి మెత్తటి కర్ర మీద ఒకసారి ఇనుప బిళ్ళ దిగితే ఆ గుంట సులువుగా పోదు.

మచ్చల గురించి కూడా. మద్ది, నల్లతుమ్మ కర్రల్లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తోళ్ళు పదును చేయడానికి తుమ్మబెరడు వాడేది అందుకే. తడి జిగురు, ఇనుము, టానిన్ మూడూ కలిస్తే కర్ర మీద నల్లటి మచ్చ పడుతుంది. మద్దితో చేసిన ఒక బల్లకి కడ్డీ ఆనినచోటల్లా నల్లచారలు పడి, పైపొర మొత్తం చిత్రిక పట్టాల్సి వచ్చింది నాకు. ఇనుప కడ్డీకీ కర్రకీ మధ్య పాలిథిన్ ముక్క వేయటం అప్పటినుంచి తప్పలేదు.

ఎంత గట్టిగా బిగించాలి అని కూడా అడిగారు. అతుకు పొడవునా జిగురు ఆవగింజల వరసలా సన్నగా బయటికి రావాలి. అక్కడితో ఆపండి. ఎక్కడా రాకపోతే జిగురు తక్కువైంది. ధారలా కారితే ఎక్కువైంది. ఎక్కువ బిగిస్తే జిగురంతా పోతుందని కొందరు భయపెడతారు. చేత్తో తిప్పే చిన్న క్లాంపులతో అంత సులువుగా పోదు. ఎక్కువ బిగింపు వల్ల నేను చూసిన అసలు నష్టం చట్రం వంకరపోవటం. అందుకే అన్ని క్లాంపులూ ముందు సగం బిగించి, మూల నుంచి మూలకి కొలిచి, అప్పుడు ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వెళ్ళండి.

జిగురు పెట్టకముందు ఒకసారి ఉత్తినే బిగించి చూడండి. ఏ క్లాంపు ఎక్కడ, ఎంత తెరుపులో ఉండాలో అప్పుడే తెలుస్తుంది. మే నెలలో మన ఎండకి ఫెవికాల్ ఐదు నిమిషాలు తిరక్కుండానే పైపొర కడుతుంది. అప్పుడు క్లాంపు స్క్రూ వెనక్కి తిప్పుకుంటూ కూర్చునే టైముండదు. ఎండాకాలంలో నేను పొద్దున తొమ్మిదిలోపు జిగురు పని ముగిస్తాను. వానాకాలంలో ఇది తిరగబడుతుంది. గంటలో తీసే క్లాంపుని మూడు నాలుగు గంటలు ఉంచుతాను, ఏ కాలంలోనైనా ఒక రోజు పూర్తయ్యేదాకా ఆ అతుకు మీద బరువు పెట్టను. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పూసేముందు థిన్నరు గుడ్డతో అంచు తుడవండి.

బాల్కనీలో వానజల్లు కొడుతుందనుకుంటాను. క్లాంపులు తుప్పు పట్టకుండా నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, ఎండిన జిగురు పెచ్చులు గీకేయండి. ఎఫ్ క్లాంపు కడ్డీ మీద జిగురు గడ్డకడితే కదిలే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. చాలామంది క్లాంపు చెడిపోయిందనుకునేది ఇందువల్లే.

స్టూలు కాళ్ళు నిటారుగా పెడుతున్నారా, బయటికి వాలుగానా అన్నది మీరు రాయలేదు. వాలు కాళ్ళైతే క్లాంపు జారిపోతుంది, దానికి ఏటవాలు అడ్డుముక్కలు వేరే కోసుకోవాలి. వాలు ఎంతో, పీట మందం ఎంతో చెబితే ఆ ముక్కల కొలత లెక్కకట్టి ఇక్కడే పెడతాను.